పచ్చీగల దావత్

మామిడి పూత మీద కవిత్వం చెప్పిన వాళ్లెవరూ పూతకాలంలో స్వరాజ్యమ్మ తోటలో అడుగుపెట్టి ఉండరు. పెట్టి ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని చెప్పేవాళ్లు.

ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు పోయే దారికి కొంచెం లోపలగా నాలుగెకరాల తోట అది. మాఘమాసపు పొద్దున దూరం నుంచి చూస్తే చెట్ల మీద ఎవరో లేత బంగారు పొగను ఆరబెట్టినట్టు ఉంటుంది. దగ్గరికి పోతే ప్రతి చెట్టు నడుమకొమ్మకూ ఒక ఎర్రటి జాలీ సంచి వేలాడుతుంటుంది. ఉల్లిగడ్డలు అమ్మే సంచి. అందులో ఉల్లిగడ్డలు ఉండవు. చేపల పేగులు, మొప్పలు, తలకాయలు ఉంటాయి. పైన బంగారు పొగ, కింద కళ్లు తేలేసిన రవ్వ చేప తల. దేవుడు ఒక చేత్తో చేసిన పనిని స్వరాజ్యమ్మ తన చేత్తో దిద్దినట్టు ఉంటుంది ఆ తోట.

స్వరాజ్యమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. మనిషి పొడుగు, మాట ఇంకా పొడుగు. కందుకూరు దిక్కు పల్లె నుంచి కోడలిగా వచ్చిన మొదటి మాఘంలో అత్త యాదలక్ష్మి ఆమె చేతికిచ్చింది బీరువా తాళంచెవి కాదు, చేప పేగుల గంప. కొత్త చీర కట్టుకున్న పిల్ల ఆ గంప పట్టుకుని మూడో చెట్టు దాకా పోయి అక్కడే కక్కుకుంది. యాదలక్ష్మి దగ్గరికి వచ్చింది కాని వీపు నిమరలేదు.

"మంచిదే. గీ చెట్టు జర ఎక్కువ కాస్తది" అన్నది.

ఆ ఏడు ఆ చెట్టు నిజంగానే ఎక్కువ కాసింది. ఆ ఇంట్లో సిద్ధాంతాలు ఇలాగే స్థిరపడేవి.

అసలు సిద్ధాంతం యాదలక్ష్మిదే. పూత అంటే చెట్టుకు సోకు. సోకు మీదున్న చెట్టు సంసారం చెయ్యదు, పిందె పట్టదు. కుళ్లు వాసన తగిలితే దాని పొగరు దిగుతుంది, బుద్ధిగా కాయలు కంటుంది. స్వరాజ్యమ్మ దీన్ని నమ్మడమే కాక మనుషులకు కూడా వర్తింపజేసింది. సెంటు కొట్టుకున్న మనిషి సంసారానికి పనికిరాడని ఆమె తీర్మానం. కొడుకు మహిధర్ కాలేజీ రోజుల్లో ఒక సెంటు సీసా తెచ్చుకుంటే దాన్ని తీసుకుపోయి పశువుల కొట్టంలో చల్లింది. ఆ సాయంత్రం బర్రె పాలు చేపలేదు. ఆమె నమ్మకం మరింత గట్టిపడింది.

చేప పేగులు ఇచ్చేది సత్తమ్మ. పెద్దచెరువు చేపలను ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక ఒక బండ మీద కోసి అమ్ముతుంది. సత్తమ్మ పారేసేది స్వరాజ్యమ్మకు కావాలి, స్వరాజ్యమ్మ తోటలో గాలికి రాలిన కాయ సత్తమ్మ పచ్చడికి కావాలి. పాత స్నేహం. ఇద్దరూ కలిస్తే ఒకరి వాసన గురించి ఒకరు తప్ప ఇంకేమీ మాట్లాడుకోరు.

"అక్కా, నువ్వు బస్సెక్కితె నాకు సీటు దొరుకుతది. ఇద్దరం ఎక్కితె డ్రైవర్ గూడ దిగిపోతడు" అంటుంది సత్తమ్మ.

"నీది చేప వాసన, నాది తోట వాసన. రెండు ఒక్కతాన కలపకు" అంటుంది స్వరాజ్యమ్మ, పేగుల గంప నెత్తిన పెట్టుకుంటూ.

స్వరాజ్యమ్మ తమ్ముడి కూతురు భవిత వ్యవసాయ కాలేజీలో చదువుతుంది. ఒకసారి తోటకు వచ్చి, సంచుల కింద నిలబడి, మేనత్తకు అసలు సంగతి చెప్పే సాహసం చేసింది.

"అత్తా, వాసనకు చెట్టు సిగ్గుపడదు. వాసనకు పచ్చీగలొస్తయి. అవి పూల మీద తిరిగి పుప్పొడి ఈడిది ఆడ అంటిస్తయి. గందుకే పిందె పడ్తది."

"అంటే నా చెట్లకు పెండ్లి జేసేది ఈగలా?"

"అవ్."

"నీ సంబంధం కోసమని నలుగురు పెద్దమనుషులు చెప్పులరగంగ తిరిగిన్రు. అయిందా? ఈగలు చేస్తయట, ఈగలు."

భవిత నవ్వి సంచి కట్టడానికి చెయ్యి సాయం పట్టింది. చదువుకున్న పిల్లకు తెలిసిన కారణమూ, అత్తకు చేతనైన పనీ ఆ మధ్యాహ్నం ఒకే చెట్టు కింద కూర్చుని సద్దన్నం తిని, ఎవరి దారిన అవి పోయాయి.

భవిత చెప్పింది నిజం. పూర్తి నిజం అంతకంటే అందంగా ఉంటుంది, వాసన భరించగలిగితే. పచ్చీగ ఇంట్లో చాయ్ కప్పు మీద వాలే బక్క ఈగ కాదు. నెమలికంఠం రంగు గాజు ఒకటి పగిలి, ఒక ముక్కకు ప్రాణం వచ్చి ఎగిరినట్టు ఉంటుంది. ఒళ్లంతా ముళ్లలాంటి నూగు. మనం కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంటాం, అది కాళ్లతోనే రుచి చూస్తుంది. ఆడ ఈగకు రెండు ఆకళ్లు. కడుపులో గుడ్లు ఎదగాలంటే కుళ్లిన మాంసపు రసం కావాలి. రెక్కలు ఆడాలంటే తీపి కావాలి. అందుకని కాసేపు శవం మీద, కాసేపు పువ్వు మీద. మామిడి పువ్వేమో చిన్నది, దాని తేనె పైపైనే ఉంటుంది. తేనెటీగలు దాన్ని పెద్దగా లెక్కచెయ్యవు, వాటికి వేరే గొప్పింటి పువ్వులుంటాయి. పచ్చీగకు అంత గర్వం లేదు. తేనె నాకి, పొట్ట కింది నూగుకు పుప్పొడి పూసుకుని, పక్క చెట్టుకు పోయి వాలుతుంది. చావుకూ పండుకూ మధ్య ఇంత తేలిగ్గా రాకపోకలు చేసే ప్రాణి ఇంకొకటి లేదు.

ఎక్కడ ఏ ప్రాణం పోయినా చుట్టాలకంటే ముందు కబురు అందేది దానికే. వచ్చి పరామర్శగా గుడ్లు పెడుతుంది. ఆ పురుగుల వయసు చూసి పోస్టుమార్టం డాక్టర్లు చావు ఎప్పుడైందో చెబుతారు. లంచం తీసుకోని సాక్షి కావాలంటే ఇంతకంటే మంచిది దొరకదు. కొన్ని దవాఖానల్లో శుభ్రంగా పెంచిన పురుగులను మానని షుగర్ పుండ్ల మీద వదులుతారు. అవి కుళ్లిన దాన్ని తిని మంచి కండను వదిలేస్తాయి. అలాగని పూజ చేయదగినదేమీ కాదు. గొర్రె పుండు మీద గుడ్లు పెడితే గొల్లవాళ్లు దాని వంశం మొత్తాన్ని తిడతారు. అన్నం మీద వాలితే ఇంటిల్లిపాదికీ కడుపులు కదులుతాయి. మంచీ చెడూ అని రెండున్నాయని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇక మహిధర్. డిగ్రీ అయ్యాక రకరకాల పనులు చేసి, చివరికి ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనిలోనే కుదురుకున్నాడు. ప్లాట్లు అమ్ముతాడు. కొంగరకలాన్‌కు కలెక్టరేట్ వచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది. బొంగులూరులో రింగురోడ్డు దిగి కాలు కింద పెడితే అది ఎవరిదో ఒకరి ప్లాటు అయి ఉంటుంది. స్వరాజ్యమ్మ తోటను ఆనుకుని 'పరిమళవనం' అనే వెంచర్ వెలిసింది. అక్కడున్న వేపలూ చింతలూ కొట్టేసి, గేటు మీద ఆకుపచ్చ రంగుతో పెద్ద చెట్టు బొమ్మ వేశారు. తంగేడు పొదల చోట గడ్డి తివాచీలు పరిచారు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల తేనెటీగలు కూడా మకాం ఎత్తేశాయి. వెంచర్ అమ్మకాలు చూసేది మహిధర్. 'ప్రకృతి ఒడిలో మీ ఇల్లు' అని కరపత్రం రాసిందీ అతడే.

ఆ ఒడికి దారి చాలడం లేదు. స్వరాజ్యమ్మ తోట కలిస్తే పెద్ద రోడ్డు మీదికి గేటు వస్తుంది. మహిధర్ రెండేళ్లుగా అడుగుతున్నాడు. రెండేళ్లుగా పూత కూడా అతని పక్షమే. ఒకసారి అకాల వానకు రాలిపోయింది, ఒకసారి బూడిద తెగులు పట్టింది.

"కాయ లేని తోటకు కావలి దేనికమ్మా?" అన్నాడు ఈ ఏడు పూత మొదలు కాగానే.

"ఈయేడు సూడు."

"పోయినేడు గూడ గిదే అన్నవ్."

"అయితె ఇను. ఈయేడు పిందె నిలువకపోతే నేనే వచ్చి సంతకం పెడత. నిలిస్తే మళ్ల తోట మాట ఎత్తొద్దు. మీ బాపు సాక్షి."

బాపు అంటే రాంచంద్ర. ఎవరు చివర మాట్లాడితే వాళ్ల పక్షాన ఉంటూ ఇన్నేళ్లు ఇంట్లో శాంతిని కాపాడిన మనిషి. పేపర్ కొంచెం కిందికి దించి, "అమ్మ అన్నది కరెక్టే" అన్నాడు. కొడుకు వైపు చూసి, "నువ్వన్నది గూడ" అని మళ్లీ పేపర్ ఎత్తుకున్నాడు.

ఆ ఏడు పూత అలాంటిలాంటి పూత కాదు. ఆకు కనబడలేదు. స్వరాజ్యమ్మ పొద్దున్నే సంచుల్లో కొత్త పేగులు నింపేది. ఎండెక్కేసరికి తోటంతా ఒకటే మోత, దూరంగా ఎవరో తంబూర మీటి ఆపడం మరిచిపోయినట్టు. పచ్చటి మెరుపులు సంచి మీది నుంచి పూల మీదికి, పూల మీది నుంచి సంచి మీదికి. సంతకం పెట్టనక్కర్లేదని ఆమెకు దాదాపు ఖాయమైపోయింది. అప్పుడొచ్చింది దావత్.

"అమ్మా, ఆదివారం వెంచర్ల దావత్ పెట్టినం. సిటీ నుంచి మస్తు మంది వస్తున్రు. గా సంచులు జర దించవే" అన్నాడు మహిధర్.

"పూత మీద దించుతరా ఎవలన్న?"

"ఒక్కరోజుకు చెట్టుకు ఏం సోకు ఎక్కుతదే? వచ్చినోళ్లు ముక్కు మూసుకుంటె నా ఇజ్జత్ పోతది."

స్వరాజ్యమ్మ కదల్లేదు. అప్పుడు మహిధర్ అమ్మకాల విద్య మొత్తం తల్లి మీద ప్రయోగించాడు.

"దీపం ముట్టించేది నువ్వే. ముందు వరుసల సోఫా ఏయిస్త. మైకుల పేరు పిలిపిస్త."

అత్త యాదలక్ష్మి కూడా లొంగి ఉండేదేమో. స్వరాజ్యమ్మ శనివారం సంచులన్నీ విప్పి గుంట తీసి పూడ్చింది. ఇక్కడి మనుషులు చెట్టును అమ్మమంటే కర్ర ఎత్తుతారు. మైకులో పేరు పిలుస్తామంటే వేరు దాకా నరికి ఇస్తారు.

ఆమె ఇంటికి పోయాక మహిధర్ దోమల పొగ బండిని తెప్పించాడు. వెంచరంతా కొట్టించి, ఎందుకైనా మంచిదని తల్లి తోటలో కూడా చెట్టు చెట్టుకూ కొట్టించాడు. తెల్లటి పొగ పూత మధ్య నుంచి చల్లగా, మెల్లగా, మంచులాగా నడిచిపోయింది. చూడటానికి చాలా బాగుంది. దాని ఫొటో కూడా తీసి వాట్సాప్‌లో పెట్టాడు.

దావత్ ఘనంగా జరిగింది. పట్టుచీరలో స్వరాజ్యమ్మ దీపం ముట్టించింది. బగారా అన్నం, యాట కూర, తలకాయ పులుసు, పెరుగు చట్నీ. మహిధర్ మైకు పట్టుకుని, "ఇంతమంది తింటున్నరు. ఒక్క ఈగ ఉన్నదా చూడున్రి" అన్నాడు. జనం నిజంగానే చూశారు. లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. స్వరాజ్యమ్మ కూడా కొట్టి, ఇంకొంచెం కూర వేయించుకున్నది.

సాయంత్రం వంటవాళ్లు మిగిలిన మాంసం, బొక్కలు, పేగులు, తోళ్లకు అంటుకున్న కొవ్వు అన్నీ కాగుల్లో మోసుకుపోయి ప్రహరీ గోడ మీది నుంచి అవతలికి కుమ్మరించారు. అవతల అంటే స్వరాజ్యమ్మ తోట. మూడో చెట్టు మొదలు. పరిమళవనం లోపల శుభ్రంగా ఉన్నది, కరపత్రంలో ఉన్నట్టే.

సోమవారం నుంచి ఆమె మళ్లీ సంచులు కట్టింది. తోట మాత్రం పలకలేదు. ఎండెక్కినా మోత లేదు. పూత మీద తెల్లవారుజాము మంచు ఆరిపోయింది, పువ్వులు విప్పుకున్నాయి, ఎదురు చూశాయి, ముడుచుకున్నాయి. వారం తిరిగేసరికి బంగారు పొగ అంచులు మాడి, ముట్టుకుంటే పొడి పొడిగా రాలడం మొదలైంది. కింది కొమ్మలకు మాత్రం రెండో విడత పూత అప్పుడే మొగ్గ తొడుగుతున్నది. సెలవుకు వచ్చిన భవిత ఒక కొమ్మ వంచి చూసి, నేల మీద చచ్చి పడున్న ఈగను వేలితో తిప్పింది.

"పొగ కొట్టిన్రా అత్తా?"

"నాకెర్కలే. ఎవలు కొడ్తరు?"

"ఎవలో కొట్టిన్రు. ఈగలు సచ్చినయి. రెండో పూతకన్న రావాలె, లేకుంటె పిందె లేదు."

ఆ సారి స్వరాజ్యమ్మ పెళ్లిపెద్దల మాట ఎత్తలేదు. చెవి పెట్టి విన్నది. గోడ అవతల వెంచర్‌లో నీళ్ల మోటారు తప్ప ఏ చప్పుడూ లేదు. ఈగ మీద ఆమెకు నమ్మకం కలిగింది, ఈగలన్నీ పోయాక.

సత్తమ్మ రెండింతల పేగులు తెచ్చి పోసింది. లాభం లేదు. పొగకు అందకుండా ఎటో పోయి బతికిన నాలుగు ఈగలు తిరిగి వచ్చాయి కాని, సంచుల వైపు చూడనైనా చూడలేదు. నేరుగా గోడ పక్కకు పోయాయి. వెంచర్ విందు ముందు చెరువు చేపల పేగులు ఏపాటివి?

అక్కడ పడున్న కుప్పను ఆ ఇద్దరు ఆడవాళ్లూ అప్పుడు చూశారు. బొక్కల సందుల్లో కొబ్బరి కోరినట్టు గుడ్లు. అప్పటికే కొన్ని పగిలి పురుగులు తొలుస్తున్నాయి. కుప్ప మొత్తం సన్నగా మరిగే అన్నంలా కదులుతున్నది.

"అక్కా, నీ కొడుకు నీకు పంపిన కట్నం" అన్నది సత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. జీవితమంతా చేపలు కోసిన మనిషి ముక్కు మూసుకున్నదంటే కుప్ప స్థాయి అర్థం చేసుకోవచ్చు.

స్వరాజ్యమ్మ ముక్కు మూసుకోలేదు. భవితకు ఫోన్ చేసి, ఈ పురుగే ఆ ఈగ అవుతుందా అని అడిగింది. అవుతుంది, కుప్ప కదపకుంటే రెండో పూతకు అందుతుంది అన్నది భవిత. మహిధర్ వాట్సాప్‌లో పెట్టిన పొగ ఫొటో సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె మూడో చెట్టు కింద మంచం వేసుకుంది. కాకి వాలితే రాయి, కుక్క వస్తే కర్ర. ఊరి మీద పంచాయితీలు చెప్పగలిగిన మనిషి, కుళ్లిన యాట కూరకు కావలి కాసింది. రాంచంద్ర టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగిపోయేవాడు. ఆ దరిదాపుల్లో చివరి మాట ఎవరిదో అతనికి తెలుసు.

వాసన మాత్రం గోడను లెక్కచేయలేదు. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు కారు అద్దాలు దించి, వెంటనే ఎత్తి, అట్నుంచి అటే పోవడం మొదలుపెట్టారు. మహిధర్ జేసీబీతో, బ్లీచింగ్ పౌడర్ బస్తాలతో వచ్చాడు.

"మంచం దిగవే అమ్మా. ఇది ఎత్తేయాలె."

"ఎవల్రా పోసింది? మీరే గదా. మా జాగల పోసిన్రు, ఇగ మాది."

"కుళ్లిన కూర మాది అంటవేందే?"

"అవ్, మాదే. నా పూత గిండ్లున్నది."

"పూత చెట్టు మీదుంటదమ్మా."

"చెట్టు మీదున్నది నువ్వు పొగపెట్టి సంపినవ్. గిదొక్కటి మిగిలింది."

మహిధర్ ఒక క్షణం తల్లిని చూశాడు. పొగ సంగతి ఆమెకు తెలిసిందని అప్పుడే అతనికి తెలిసింది. ముఖం చిన్నబోయింది కాని, రోడ్డు మీద ఇంకో కారు అద్దం ఎత్తడం కూడా కనబడింది.

"నా పని పోతదే" అన్నాడు గొంతు తగ్గించి. "కంపెనీవాళ్లు నన్నే అడుగుతున్రు. నీ తోట నీది, నా బతుకు నాది గాదా?"

ఆ మాట విని ఆమె మంచం దిగింది. జేసీబీ పార గుప్పెడు మట్టి తీసినంత సులువుగా కుప్పను ఎత్తింది. బొక్కలు గలగలమన్నాయి. స్వరాజ్యమ్మ వంగి చూసింది. ఒక్క పురుగు లేదు. ముందురోజు దాకా మరిగిన కుప్ప చల్లారిన పొయ్యిలా ఉంది.

"సచ్చినయి" అన్నది తనలో తాను. "నా కావలి గిట్లుంటది."

ఆ చోట తెల్లగా బ్లీచింగ్ పౌడర్ చల్లారు. పండక్కి వేసిన ముగ్గులా ఉంది. ఆమె చేతులు దులుపుకుని కొడుకుతో అన్నది, "పిందె చూసేదాంక ఎందుకు? రిజిస్ట్రేషన్ ఆఫీసుల రోజు తీసుకో. సంతకం పెడత."

మహిధర్ అనుకున్నది గెలిచాడు. గెలిచిన ముఖంలా మాత్రం లేదు అతనిది. అయినా రోజు తీసుకున్నాడు. అమ్మేవాళ్లు బాధపడితే ఆగిపోయే పని కాదు అతను నేర్చుకున్నది.

పురుగులు చావలేదు. మామూలుగా అవి చేసేదే చేశాయి. కడుపు నిండిన పచ్చీగ పిల్లకు తిండి మీద ఉన్నట్టుండి విరక్తి పుడుతుంది. సన్యాసం తీసుకున్నట్టు చీకటి పడగానే కుప్ప వదిలి, గంభీరంగా పాక్కుంటూ, మెత్తటి మట్టి వెతుక్కుని లోపలికి దిగుతుంది. అక్కడ ఒళ్లు గట్టిపడి, ఎర్రటి గింజలా మారి, కాళ్లు లేని జీవితం నుంచి రెక్కలున్న జీవితానికి తనను తాను కరిగించి మళ్లీ పోతపోసుకుంటుంది. జేసీబీ రాకముందే అవన్నీ మూడో చెట్టు నుంచి ఏడెనిమిది చెట్ల దాకా తోట నేలలో సర్దుకున్నాయి. స్వరాజ్యమ్మ కావలి కాసిన మంచం కాళ్ల పక్కనుంచే పోయాయి. బ్లీచింగ్ పౌడర్ పడింది ఖాళీ ఇంటి మీద.

సంతకం రోజు పొద్దున ఆమె తోటకు పోయింది. వీడ్కోలు చెప్పడానికి కాదు, ఖాళీ జాలీ సంచులు విప్పి సత్తమ్మకు ఇచ్చేద్దామని. ఇస్త్రీ చీర నలగకుండా ఎత్తిపట్టుకుని మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి నేల పగిలినట్టు కనబడింది. సన్నటి బీటలు. ఒక బీటలోంచి బూడిద రంగు ఈగ ఒకటి తల బయటపెట్టింది. రెక్కలు నలిగిన కాగితాల్లా వీపుకు అతుక్కుని ఉన్నాయి. ఎగరడం రాక గడ్డిపోచ ఎక్కింది. ఆగింది. రెక్కలు మెల్లగా విప్పారాయి. ఒంటి మీద ఎండ పడ్డకొద్దీ బూడిద రంగు పోయి ఆకుపచ్చ ఎక్కసాగింది, ఆపైన నీలం, ఆపైన రెండూ కలిసి ఇంకేదో. పక్కన ఇంకొకటి. కాలి వేళ్ల మధ్య ఇంకొకటి. నేల ఒళ్లు విరుచుకుని ఆవలిస్తున్నట్టు ఉంది.

స్వరాజ్యమ్మ ఇస్త్రీ చీరతో మట్టిలో కూర్చుంది. ఎండ ఎక్కింది. తలపైన కింది కొమ్మలు రెండో విడత పూతతో బరువెక్కి ఉన్నాయి. ఒక ఈగ లేచింది. ఇంకొకటి. కాసేపటికి తంబూర మళ్లీ మొదలైంది.

ఫోన్ మోగింది.

"ఏడున్నవమ్మా? ఆఫీసుల నిలబడ్డం. మన వంతు వచ్చింది."

"తోటల కూసున్న."

"ఇంకా బయల్దేరలే?"

"లే. ఇను."

ఫోన్‌ను పూత దగ్గర పెట్టింది.  అవతల మహిధర్ అడిగాడు, "గదేం చప్పుడు?"

"నీ దావత్."

"అమ్మా..."

"పిందె చూసినంక సంతకం అనుకున్నం గదా. నడుమ నేను తొందరపడ్డ. పిందె నిలువకపోతే అప్పుడు పిలువు, అప్పుడు గిట్ల కూసోను."

ఆఫీసులో మహిధర్ వంతు పోయింది. పక్కనే కుర్చీలో ఉన్న రాంచంద్రను చూశాడు. రాంచంద్ర జీవితంలో మొదటిసారి, ఎవరూ చివరి మాట అనకముందే తన మాట అన్నాడు.

"ఇంటికి పోదాం పా."

ఆకాశం దయతలచింది, వాన పడలేదు. శనగ గింజంత, తర్వాత రేగుపండంత, పిందె నిలిచింది. ఎక్కువేమీ కాదు, మొదటి పూత పోనే పోయింది. అయినా గెలిచానని చెప్పుకోవడానికి ఆమెకు అంత చాలు. మహిధర్ గోడ అవతలినుంచి చూసి, ఇక తోట మాట ఎత్తలేదు. అతనికి వేరే ఫికర్ పట్టుకుంది. వెంచర్‌లో ఇల్లు కట్టుకుని కొత్తగా దిగిన ఒకాయన, ఈగలు ఎక్కువయ్యాయని ఫోన్ చేశాడు.

"సార్, ప్రకృతి ఒడి అన్నం గదా" అన్నాడు మహిధర్ విసుగ్గా. "ఒడిల అన్ని ఉంటయి."

వెంచర్‌లో ఏ దావత్ అయినా మిగిలింది గోడ మీది నుంచి పడేయవద్దని వంటవాళ్లకు గట్టిగా చెప్పాడట. కాగుల్లోనే ఉంచితే అమ్మ వచ్చి తీసుకుపోతుందని. ఇప్పుడు స్వరాజ్యమ్మ నెత్తి మీద గంపలు రెండు. సత్తమ్మకు ఇది నచ్చలేదు. "మటన్ దొరికినంక చేపను మరిచినవ్" అని రెండు వారాలు పలకలేదు.

వైశాఖంలో మొదటి బంగినపల్లి పండు కోసి, ఇంటి అరుగు మీద ముగ్గురూ కూర్చున్నారు. మహిధర్ ముక్క తీసుకుని నోటి దాకా తెచ్చేలోపు పచ్చీగ ఒకటి దాని మీద వాలి, కాళ్లు రుద్దుకుంది. అతను రెండో చెయ్యి ఎత్తాడు.

"కొట్టకు" అన్నది స్వరాజ్యమ్మ. "గది తిన్నంక తిను. గీ తోటల నీకంటె ముందు పని చేసింది అదే."

మహిధర్ ముక్కను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. రసం మోచేతి దాకా కారింది. ఈగకేమీ తొందర లేదు.